సముద్రాన్ని కొలిస్తే సరిపోదు

విశాఖపట్నం రేవులో సముద్రమట్టాన్ని 1937 నుంచి కొలుస్తున్నారు. దేశంలో ఇంత పాత రికార్డు ఉన్న రేవులు వేళ్ల మీద లెక్కపెట్టగలిగినన్నే. 2000 సంవత్సరం వరకూ ఉన్న ఆ లెక్కల్ని పరిశీలించిన శాస్త్రవేత్తలు అక్కడ సముద్రం ఏడాదికి దాదాపు ఒక మిల్లీమీటరు చొప్పున పెరిగిందని తేల్చారు. అరవై ఏళ్లూ కలిపి చూసినా ఆరు సెంటీమీటర్లకు అటూ ఇటూ. అదే తీరం వెంట నైరుతికి వెళ్తే కాకినాడకు ముందు ఉప్పాడ వస్తుంది. అక్కడ ఇళ్లు, వీధులు, కొబ్బరి చెట్లు ఒక్కొక్కటిగా సముద్రంలో కలిసిపోయాయి. కాకినాడ నుంచి వచ్చే బీచ్ రోడ్డును గట్టి తుపాను వచ్చినప్పుడల్లా కెరటాలు కోసేస్తూనే ఉన్నాయి. ఆరు సెంటీమీటర్ల నీళ్లు ఒక ఊరిని మింగలేవు. అంటే ఉప్పాడను మింగినదాంట్లో సముద్రం పెరగడం ఒక పాలు మాత్రమే, మిగతా పాళ్లు వేరే ఉన్నాయి. భవిష్యత్తులో సముద్రం పెరిగితే తెలుగు తీరానికి ఎంత ముప్పు అన్న ప్రశ్న వచ్చినప్పుడల్లా అందరి చూపూ నీళ్ల మీదికే పోతుంది. నా వాదన ఏమిటంటే, ఆ ముప్పులో పెద్ద భాగం నేల మీదే తయారవుతోంది. ఆ నేలను, దాని మీద బతికే మనుషుల్ని లెక్కలోకి తీసుకోని అంచనా ఎంత శాస్త్రీయంగా కనిపించినా సగం అంచనాయే.

ముందు సముద్రం సంగతి చూద్దాం. 1901 నుంచి 2018 వరకూ ప్రపంచ సముద్రమట్టం సగటున 20 సెంటీమీటర్లు పెరిగిందని ఐక్యరాజ్యసమితి వాతావరణ మార్పుల సంఘం 2021 నివేదికలో చెప్పింది. ఆ పెరుగుదల ఒకే తీరుగా లేదు. 1971 దాకా ఏడాదికి 1.3 మిల్లీమీటర్లుగా ఉన్నది 2006–2018 మధ్య 3.7 మిల్లీమీటర్లకు చేరింది. ఉత్తర హిందూ మహాసముద్రంలో 1993–2015 మధ్య ఏడాదికి 3.3 మిల్లీమీటర్ల చొప్పున పెరిగిందని మన భూవిజ్ఞాన మంత్రిత్వ శాఖ 2020 నాటి అంచనా. కాబట్టి విశాఖ పాత సగటును చూపించి నిశ్చింతగా ఉండమనేవారు వెనక్కి చూస్తూ ముందుకు నడవమంటున్నారు. ఉద్గారాలను బాగా తగ్గిస్తే 2100 నాటికి 28 నుంచి 55 సెంటీమీటర్లు, అసలు తగ్గించకపోతే 63 సెంటీమీటర్ల నుంచి మీటరు దాకా పెరుగుతుందని అదే నివేదిక లెక్కకట్టింది. మంచు ఖండాలు అనుకున్నదానికన్నా వేగంగా కరిగితే రెండు మీటర్ల దాకా కూడా పోవచ్చని, ఆ అవకాశాన్ని కొట్టిపారేయలేమని చెప్పింది. ఇదంతా ప్రపంచ సగటు. కానీ ఏ ఊరూ సగటు తీరంలో ఉండదు. పశ్చిమ బెంగాల్‌లో హుగ్లీ నది ఒడ్డున డైమండ్ హార్బర్ దగ్గర కొలత ఏడాదికి 5 మిల్లీమీటర్లు దాటింది. అదీ బంగాళాఖాతమే, విశాఖదీ బంగాళాఖాతమే. తేడా నీళ్లలో లేదు. విశాఖ రేవు డాల్ఫిన్స్ నోస్ కొండ నీడన రాతినేల మీద ఉంది. డైమండ్ హార్బర్ మెత్తటి డెల్టా మట్టి మీద ఉంది, ఆ మట్టి కుంగుతోంది. నేల కుంగినా నీరు పెరిగినా ఒడ్డున ఉన్నవాడికి ఫలితం ఒక్కటే. గోదావరి, కృష్ణా డెల్టాలు విశాఖ కొండకు కాదు, డైమండ్ హార్బర్ మట్టికే దగ్గరి చుట్టాలు. వాటి భవిష్యత్తును విశాఖ రికార్డుతో కొలవడం ఎంత పొరపాటో దీన్నిబట్టే తెలుస్తుంది.

ఒక తీరం ఎంత బలహీనంగా ఉందో అంకెల్లో చెప్పే ప్రయత్నానికి 1990 ప్రాంతంలో అమెరికా శాస్త్రవేత్త వివియన్ గోర్నిట్జ్ దారి వేశారు. తీరాన్ని చిన్న చిన్న ముక్కలుగా విడదీసి, ప్రతి ముక్కకూ కొన్ని లక్షణాలు చూస్తారు. అది రాతి ఒడ్డా, ఇసుక తిన్నెలా, బురద నేలా? వాలు ఎంత? ఏటా కోతకు గురవుతోందా, మేట వేస్తోందా? అలల ఎత్తు ఎంత? ఆటుపోట్ల తేడా ఎంత? సముద్రం ఏ వేగంతో పెరుగుతోంది? ఒక్కోదానికి 1 నుంచి 5 దాకా మార్కులు వేస్తారు. ఆ మార్కులన్నిటినీ ఒకదానితో ఒకటి హెచ్చవేసి, లక్షణాల సంఖ్యతో భాగించి, వర్గమూలం తీస్తారు. వచ్చిన అంకె పెద్దదైతే ముప్పు ఎక్కువ. 1999లో అమెరికా జియలాజికల్ సర్వే ఇదే పద్ధతిని ఆరు లక్షణాలతో తమ తీరాలకు వాడింది. మన హైదరాబాద్‌లోని ఇన్‌కాయిస్, అంటే సునామీ హెచ్చరికలు, చేపలవేటకు సూచనలు ఇచ్చే జాతీయ సంస్థ, ఏడు లక్షణాలతో దేశ తీరం మొత్తానికీ పటాలు గీసి 2012లో ఒక అట్లాసుగా అచ్చు వేసింది. ఎరుపు రంగు వేసిన చోట ముప్పు ఎక్కువ, ఆకుపచ్చ ఉన్న చోట తక్కువ అన్నట్టుగా ఒక్క చూపులో అర్థమయ్యే ఇలాంటి పటాలు చాలా ఉపయోగపడతాయి. అధికారి చేతిలో పెట్టవచ్చు, మంత్రికి చూపించవచ్చు. చిక్కు కూడా అక్కడే ఉంది. రంగు వేశాక దాని వెనక ఎవరి నిర్ణయాలు ఉన్నాయో కనిపించదు.

ఆటుపోట్ల మార్కులనే తీసుకోండి. గోర్నిట్జ్ పద్ధతిలో ఆటుకూ పోటుకూ తేడా ఎక్కువ ఉన్న తీరానికి ముప్పు ఎక్కువ అని 5 వేశారు, నీరు ఎక్కువ దూరం వచ్చిపోతుంది గనుక. అమెరికా జియలాజికల్ సర్వే దాన్ని తలకిందులు చేసింది. తేడా తక్కువ ఉన్న తీరంలో నీరు ఎప్పుడూ పోటు మట్టానికి దగ్గరగానే ఉంటుంది, తుపాను ఏ గంటకు వచ్చినా దెబ్బ తగులుతుంది, కాబట్టి అక్కడే 5 వేయాలన్నది వాళ్ల తర్కం. రెండు వాదనల్లోనూ బలముంది. కానీ ఒకే తీరం ఒకరి పటంలో పచ్చగా, ఇంకొకరి పటంలో ఎర్రగా మారడానికి ఈ ఒక్క నిర్ణయం చాలు. ఇంకో సంగతి కూడా గమనించాలి. చాలా పటాల్లో వచ్చిన అంకెల్ని పెద్ద నుంచి చిన్నకు పేర్చి, పై పాతిక శాతానికి అత్యంత ముప్పు అని, కింది పాతిక శాతానికి తక్కువ ముప్పు అని పేరు పెడతారు. అలా చేస్తే ఏ తీరమైనా పాతిక శాతం ఎర్రగా, పాతిక శాతం పచ్చగా కనిపించి తీరుతుంది. పచ్చరంగు పడ్డ ఊరు క్షేమంగా ఉందని దానర్థం కాదు, పక్క ఊరికన్నా నయమని మాత్రమే. అన్నిటికన్నా పెద్ద లోపం వేరే ఉంది. ఇన్‌కాయిస్ తీసుకున్న ఏడు లక్షణాలూ తీరపు వాలు, ఎత్తు, నేల స్వభావం, అలలు, ఆటుపోట్లు, ఒడ్డు కదలిక, సముద్రమట్టం. ఏడింటిలో మనిషి లేడు. ఆ ఒడ్డున పూరిళ్లు ఉన్నాయా పక్కా ఇళ్లు ఉన్నాయా, తుపాను షెల్టరుకు ఎంత దూరం, తాగే నీరు బావిదా కుళాయిదా అన్నవేవీ లెక్కలోకి రావు. ఆ పని వాళ్లు చేయనందుకు తప్పుపట్టడం లేదు, ఆ పటాల ఉద్దేశం తీరపు భౌతిక స్వభావాన్ని చూపించడమే. తప్పు వాటినే పూర్తి జవాబుగా భావించేవారిది.

ఈ లోటును కొంతైనా పూడ్చిన పని మన దగ్గరే జరిగింది. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో భూస్వరూపాల శాస్త్రవేత్త కాకాని నాగేశ్వరరావు బృందం 2008లో ఆంధ్ర తీరం మీద ఒక అధ్యయనం ప్రచురించింది. వాళ్ల లెక్కలో 1,030 కిలోమీటర్ల తీరంలో 43 శాతం అత్యధిక ముప్పులో, ఇంకో 35 శాతం అధిక ముప్పులో ఉన్నాయి. సముద్రం 60 సెంటీమీటర్లు పెరిగితే, ఇప్పుడు 1.4 మీటర్ల ఎత్తు దాకా వచ్చే పెద్ద పోటు 2 మీటర్ల దాకా వస్తుంది. అప్పుడు 565 చదరపు కిలోమీటర్లు శాశ్వతంగా మునిగిపోతాయి, మరో 1,233 చదరపు కిలోమీటర్లు రోజూ పోటుకు తడిసి ఆటుకు ఆరే నేలగా మారతాయి. ఈ రెండోదాంట్లో 894 చదరపు కిలోమీటర్లు ఒక్క కృష్ణా, గోదావరి డెల్టాలవే. ఆ రెండు మీటర్ల గీత లోపల ఉన్న ఊళ్లు 282 అని, 2001 జనాభా లెక్కల ప్రకారం అక్కడ ఉన్నవారు 12 లక్షల 90 వేల మంది అని, వారిలో ఎక్కువమంది పూరిళ్లలో ఉండే మత్స్యకారులని ఆ బృందం రాసింది. పటం మీది రంగును ఊళ్ల సంఖ్యగా మార్చడమే ఆ అధ్యయనం చేసిన గొప్ప పని. జిల్లా మీద ముప్పు అంటే ఎవరికీ పట్టదు, ఊరి పేరు చెబితే పడుతుంది. ఆ లెక్క ఇప్పుడు పాతబడింది. రెండు దశాబ్దాలకు పైగా గడిచిన జనాభా లెక్కల మీద నిలబడి ఉంది. దాన్ని ఆ తర్వాతి జనంతో, మెరుగైన నేలమట్టం కొలతలతో తిరగరాయాల్సిన బాధ్యత ప్రభుత్వానిది.

నేలమట్టం కొలతలు అన్నాను, దాని గురించి కాస్త ఆగాలి. రెండు మీటర్ల లోపు ఉన్న నేల ఏదో తెలియాలంటే నేల ఎత్తు సెంటీమీటర్లలో తెలియాలి. ప్రపంచంలో చాలా అధ్యయనాలు 2000 ఫిబ్రవరిలో అమెరికా అంతరిక్ష నౌక 11 రోజుల పాటు రాడార్‌తో తీసిన ఎత్తుల పటం మీదే ఆధారపడ్డాయి. రాడార్ కిరణం నేలదాకా వెళ్లకుండా చెట్ల తలల మీద, ఇంటి కప్పుల మీద తగిలి తిరిగి వస్తే ఆ ఎత్తే నేల ఎత్తుగా నమోదవుతుంది. దట్టంగా చెట్లూ ఇళ్లూ ఉన్న తీరాల్లో ఈ పొరపాటు సగటున రెండు మీటర్లు దాటుతుందని తర్వాత తేలింది. 2019లో ఈ పొరపాటును సరిదిద్ది మళ్లీ లెక్కవేస్తే, ముంపు గీత కింద ఉన్న ప్రపంచ జనాభా అంతకుముందు అనుకున్నదానికి మూడింతలకు పైగా తేలింది. ఇప్పుడు కోనసీమను తలచుకోండి. ఇంటి చుట్టూ కొబ్బరి, గట్టు మీద కొబ్బరి, కాలువ పక్కన కొబ్బరి. అక్కడ ఆకాశం నుంచి చూసే రాడార్‌కు కనిపించేది మట్టలు, మట్టి కాదు. ముంపు ఎంత అన్నది సెంటీమీటర్ల లెక్క అయినప్పుడు, నేల ఎత్తులో మీటర్ల తప్పు ఉంటే ఆ పటం భరోసా ఇవ్వకూడని చోట భరోసా ఇస్తుంది. విమానం నుంచి లేజర్ కిరణాలతో కొలిస్తే ఈ చిక్కు చాలావరకు తీరుతుంది. రేవులకు, రోడ్లకు పెట్టే ఖర్చు ముందు ఆ సర్వే ఖర్చు ఎంతో కాదు.

ఇక అసలు విషయానికి వద్దాం. డెల్టా అనేది ఉన్న నేల కాదు, నది రోజూ కడుతూ ఉండే నేల. కైకలూరు దగ్గర ఉన్న పాత ఇసుక దిబ్బ సుమారు ఆరు వేల ఏళ్ల కిందట సముద్రపు ఒడ్డు. అక్కడి నుంచి ఇవాళ్టి తీరం దాకా ఉన్న పొలాలు, చెరువులు, ఊళ్లు అన్నీ కృష్ణా, గోదావరి తెచ్చిపోసిన ఒండ్రు మీదే నిలిచాయి. కొత్తగా పడిన ఒండ్రు తన బరువుకు తానే కుదించుకుపోతుంది, ఏటా వరదతో పైన మరో పొర పడితే ఆ లోటు తీరుతుంది. అలలు ఒడ్డును ఎప్పుడూ కోస్తూనే ఉంటాయి, నది అంతకన్నా ఎక్కువ తెచ్చిపోస్తే తీరం ముందుకు జరుగుతుంది. ఈ లెక్క ఇరవయ్యో శతాబ్దంలో తిరగబడింది. 1960ల చివర్లో కృష్ణ ఏడాదికి 90 లక్షల టన్నుల ఒండ్రు మోసుకొచ్చేది, 2000 తర్వాత అది 4 లక్షల టన్నులకు పడిపోయింది. గోదావరి తెచ్చేది 1970లలో 15 కోట్ల టన్నులు, 2000 తర్వాత 5.7 కోట్ల టన్నులు. మిగతాదంతా ఎగువన ఆనకట్టల వెనక ఆగిపోతోంది. ఫలితం ఒడ్డున కనిపిస్తోంది. 336 కిలోమీటర్ల జంట డెల్టాల తీరంలో 1965 నుంచి 2008 దాకా నికరంగా 76 చదరపు కిలోమీటర్ల నేల సముద్రం పాలైందని, ఏటా పోయే నేల మొదటి పాతికేళ్లతో పోలిస్తే 1990 తర్వాత బాగా పెరిగిందని నాగేశ్వరరావు బృందమే ఉపగ్రహ చిత్రాలతో చూపించింది. ఈ 76 చదరపు కిలోమీటర్లు పోవడానికి సముద్రం మీటరు పెరగనక్కర్లేకపోయింది.

ఆనకట్టలు కూలగొట్టమని ఈ మాటకు అర్థం కాదు. కాటన్ ధవళేశ్వరం ఆనకట్ట కట్టకముందు గోదావరి జిల్లాలు కరువుతో ఎలా అల్లాడాయో తెలిసినవారెవరూ ఆ మాట అనరు. నాగార్జునసాగర్ నీళ్లతో బతికే లక్షల ఎకరాలను కాదనలేం. నేననేది ఒక్కటే. ఆనకట్ట వల్ల ఎగువన వచ్చే లాభాన్ని లెక్కవేసినప్పుడు దిగువన తీరం కోల్పోయేదాన్ని కూడా అదే కాగితం మీద రాయాలి. పోలవరం పూర్తయ్యాక గోదావరి ఒండ్రు ఇంకొంత అక్కడ ఆగుతుంది. ఎంత ఆగుతుంది, వరదల్లో గేట్ల గుండా ఎంత కిందికి పంపవచ్చు, దానివల్ల అంతర్వేది నుంచి కాకినాడ దాకా తీరం ఏ మేరకు మారుతుంది అన్నది తేల్చకుండా 2050 నాటి ముప్పు పటం గీస్తే అది నదిని మరిచిపోయి గీసిన డెల్టా పటం. అలాగే నేల కింది నీటిని తోడడం వల్ల, చమురూ గ్యాసూ తీయడం వల్ల డెల్టా ఎంత కుంగుతోందన్న దాని మీద వాదోపవాదాలు నడుస్తున్నాయి. మాటలతో అవి తేలవు. నేలమట్టాన్ని ఏళ్ల తరబడి కొలిచి, ఆ కొలతలు జనం ముందు పెడితే తేలతాయి.

నీరు ఊళ్లోకి రావడం కంటికి కనిపిస్తుంది, ఉప్పు రావడం కనిపించదు. సముద్రం కన్నా ముందు వచ్చేది అదే. తీరప్రాంతపు ఇసుక మెరకల కింద వాన నీరు తీపి పొరగా నిలుస్తుంది, దాని కింద ఉప్పునీరు ఉంటుంది. తీపి నీరు తేలిక, ఉప్పునీరు బరువు. ఈ రెండింటి సాంద్రతల తేడానుబట్టి, తీపినీటి మట్టం సముద్రమట్టానికి పైన ఒక మీటరు ఉంటే కింద 40 మీటర్ల లోతు దాకా తీపి పొర ఉంటుందని భూగర్భజల శాస్త్రం చెబుతుంది. దీన్ని తిప్పి చదివితే గుండె బరువెక్కుతుంది. కాలువలూ డ్రెయిన్లూ భూగర్భ జలాన్ని పైకి రానివ్వని పల్లపు నేలలో, సముద్రం అర మీటరు పెరిగితే సిద్ధాంతం ప్రకారం 20 మీటర్ల తీపి పొర పోతుంది. డెల్టాలో పాత ఊళ్లు ఈ మెరకల మీదే వెలిశాయంటే వరద నుంచి ఎత్తు కోసమే కాదు, బావిలో తియ్యటి నీళ్ల కోసం కూడా. పొలాల్లో ఇంకో కష్టం ఉంది. డెల్టా డ్రెయిన్లలో నీరు దానంతట అది సముద్రంలోకి జారాలి. ఆటు ఉన్నంతసేపే అది జారుతుంది, పోటు వచ్చిందంటే ఆగిపోతుంది. సముద్రం కొన్ని సెంటీమీటర్లు పెరిగినా నీరు జారే గంటలు తగ్గుతాయి, వాన పడ్డ తర్వాత వరి మునిగి ఉండే రోజులు పెరుగుతాయి. కొల్లేటి నీటిని సముద్రానికి చేర్చే ఉప్పుటేరులోకే ఇప్పుడు సముద్రపు ఉప్పు ఎదురొస్తోంది. దివిసీమ చివర నాగాయలంక, కోడూరు వైపు చవుడు నేలను చూసినవారికి దీన్ని వివరించనక్కర్లేదు. వరి పండని చోట రైతు ఆక్వా చెరువు తవ్వుతాడు, ఆ చెరువు ఉప్పు పక్క పొలానికి ఊరుతుంది, ఆ రైతూ చెరువే తవ్వుతాడు. నేల ఉప్పుబారడంలో సముద్రం వంతు ఎంత, చెరువుల వంతు ఎంత అని విడదీసి చెప్పే అంచనా మనకు కావాలి. లేకపోతే మనం చేసుకున్నది కూడా వాతావరణం ఖాతాలో వేసి చేతులు దులుపుకుంటాం.

ఇక్కడ కొందరు ఒక అభ్యంతరం చెబుతారు. తీరం అంతటా కోతే లేదు కదా, చాలాచోట్ల మేట కూడా వేస్తోంది కదా అని. నిజమే. జాతీయ తీర పరిశోధన కేంద్రం 1990–2018 మధ్య తీసిన ఉపగ్రహ చిత్రాలు పరిశీలిస్తే దేశ తీరంలో మూడో వంతు కోతలో ఉంది, ఆంధ్ర తీరంలో 29 శాతం దాకా మాత్రమే కోతలో ఉంది. అయితే సగటుతో తీరానికి ఓదార్పు లేదు, ఒకచోట చేరిన ఇసుక తరచుగా ఇంకోచోట పోయిన ఇసుకే. మన తీరం వెంట ఇసుక ఏడాది మొత్తం మీద దక్షిణం నుంచి ఈశాన్యానికి నడుస్తుంది. గోదావరి మొగల దగ్గర నుంచి నడిచిన ఇసుక కాకినాడ ముందు హోప్ ఐలాండ్‌గా పదహారు కిలోమీటర్లకు పైగా సాగింది. కాకినాడ రేవుకు అది పెట్టని కోట. దాని కొసకు అవతల ఉన్న ఉప్పాడకు చేరాల్సిన ఇసుక మధ్యలోనే ఆగింది, అలల దిశ మారింది. ఒకరికి మేలు చేసిన ఇసుకే ఇంకొకరికి కరువైంది. ఉప్పాడకు రాళ్లు పోశారు, జియోట్యూబులతో, అంటే ఇసుక నింపిన పెద్ద గొట్టపు సంచులతో, గోడ కట్టారు. తన వెనక ఉన్న కొన్ని ఇళ్లను ఆ గోడ కొంతకాలం కాపాడింది కూడా. కానీ అల గోడకు కొట్టుకుని తిరిగి వెళ్లేటప్పుడు దాని కాళ్ల కింది ఇసుకను లాక్కుపోతుంది, గోడ ఆగిన చోట కోత మొదలవుతుంది. గోడలన్నీ దండగ అనను. రేవుకు, పట్టణానికి, తరలించలేని చోటికి గోడ కావాలి. వెయ్యి కిలోమీటర్ల తీరానికి మాత్రం గోడ జవాబు కాదు, కింద నుంచి వచ్చే ఉప్పును అసలే ఆపలేదు. కోరింగ మడ అడవిలాంటివి అలను మెత్తబరుస్తాయి, బురదను పట్టి నేల ఎత్తు పెంచుతాయి. వాటికీ రెండు కావాలి. ముందు నుంచి ఒండ్రు రావాలి, సముద్రం తోసినప్పుడు వెనక్కి జరగడానికి ఖాళీ ఉండాలి. ఆ వెనక భాగమంతా చెరువులే అయితే మడ అడవి నిలిచిన చోటే మునిగిపోతుంది.

ఇంకో అభ్యంతరం, 2100 ఎంత దూరమో చూడండి, ఇవాళ ఇల్లు లేనివాడికి శతాబ్దం చివరి లెక్క ఎందుకని. పైకి న్యాయంగానే కనిపిస్తుంది. కానీ తీరానికి దెబ్బ తగిలేది సగటు సముద్రంతో కాదు, తుపాను రోజున. 1864 నవంబరులో మచిలీపట్నాన్ని ఉప్పెన ముంచితే సుమారు 30 వేల మంది పోయారు. 1977 నవంబరు 19న దివిసీమ ఉప్పెనలో పోయినవారు పది వేలకు తక్కువ లేరు. 1996 నవంబరు 6న కోనసీమ మీద తుపాను విరుచుకుపడింది. మూడూ నవంబరే. బంగాళాఖాతం మన ఒడ్డున ఏడాది పొడవునా ఒకే మట్టంలో ఉండదు. మార్చి ప్రాంతంలో బాగా తగ్గి, అక్టోబరు, నవంబరు కల్లా అన్నిటికన్నా ఎత్తుకు చేరుతుంది. సరిగ్గా అప్పుడే తుపాన్లు వస్తాయి. సముద్రం పెరిగే ప్రతి సెంటీమీటరూ ఆ ఎత్తు మీదే కలుస్తుంది, ఉప్పెన ఆ పైనుంచి మొదలవుతుంది. అరచేతి ఎత్తు తేడా కరకట్ట పొర్లడానికీ పొర్లకపోవడానికీ మధ్య తేడా కావచ్చు. పైగా ఇవాళ ఇచ్చే ఇంటి స్థలం, ఇవాళ పోసే రోడ్డు, ఇవాళ కట్టే రేవు యాభై ఏళ్లు, వందేళ్లు ఉండాల్సినవి. ఇల్లు లేనివాడికి స్థలం ఇవ్వడంలో తొందర ఉండాల్సిందే. ఆ తొందరలో అది రెండు మీటర్ల గీతకు ఏ వైపు ఉందో చూడడానికి పట్టేది ఒక్క పూట.

అన్నిటికన్నా బలమైన అభ్యంతరం మత్స్యకారుల వైపు నుంచి వస్తుంది. ఊరికి ముప్పు ముద్ర వేస్తే రేపు దాన్నే సాకుగా చూపి తమను ఒడ్డు నుంచి లేపేస్తారని, ఖాళీ అయిన చోట రిసార్టో, పరిశ్రమో వస్తుందని వాళ్ల భయం. ఆ భయానికి కారణాలు ఉన్నాయి. కేంద్రం 2019 జనవరిలో తెచ్చిన తీర నియంత్రణ నోటిఫికేషన్ జనసాంద్రత ఎక్కువ ఉన్న గ్రామీణ తీరంలో కట్టడాలు కూడని దూరాన్ని 200 మీటర్ల నుంచి 50 మీటర్లకు తగ్గించింది. సర్వే ఆఫ్ ఇండియా ఎంతో శ్రమపడి కొలిచిన ప్రమాదరేఖను విపత్తు ప్రణాళికలకు వాడుకోవాలన్నదే తప్ప, కట్టడం ఎక్కడ కూడదో నిర్ణయించే గీతగా దానికి బలం ఇవ్వలేదు. అంటే ముప్పు కొలత తయారైంది, పెట్టుబడి దగ్గర మాత్రం దానికి గొంతు లేదు. అలాంటి కొలత పేదవాడి గుడిసె దగ్గర మాత్రమే గట్టిగా మాట్లాడితే ఎవరు నమ్ముతారు? అందుకే అంచనా ఊరివాళ్లతో కలిసి జరగాలి. ఏ పోటుకు నీరు ఎంతవరకూ వచ్చింది, ఏ బావి ఎప్పుడు ఉప్పయింది, పడవలు లాగే ఇసుక ఎంత తగ్గింది అన్న లెక్కలు ఏ ఉపగ్రహం కన్నా వాళ్లకే బాగా తెలుసు. వేరే చోటికి వెళ్లాలా, ఎప్పుడు, ఎంత దూరం, పడవలూ వలలూ ఎక్కడ పెట్టుకోవాలి అన్నది వాళ్ల గ్రామసభ నిర్ణయం కావాలి. వేటకు వెళ్లే మనిషిని సముద్రానికి ఐదారు కిలోమీటర్ల దూరంలో కాలనీలో పెడితే ఉప్పెన నుంచి ప్రాణం దక్కుతుంది, బతుకు పోతుంది.

అదే కొలత పెద్ద నిర్మాణాలకు కూడా వర్తించాలి. మచిలీపట్నం, రామాయపట్నం, మూలపేట దగ్గర కొత్త రేవులకు రాష్ట్రం పూనుకుంది. రేవు కావాలంటే సముద్రంలోకి అడ్డుగోడ వేయాలి. అడ్డుగోడ వేస్తే ఈశాన్యానికి నడిచే ఇసుక దక్షిణాన ఆగుతుంది, ఉత్తరాన ఉన్న ఊళ్లు ఆకలిగొంటాయి. విశాఖపట్నం ఔటర్ హార్బరు కట్టాక ఆర్కే బీచికి జరిగింది అదే. అక్కడ తవ్విన ఇసుకను ఏటా బీచిలో పోస్తూ దాన్ని నిలబెట్టుకొస్తున్నారు. నగరానికి బీచి కావాలి గనుక పోస్తున్నారు. మూలపేటకు ఉత్తరాన, మచిలీపట్నానికి ఉత్తరాన ఉన్న చిన్న పల్లెలకూ ఆ ఏర్పాటు ఉండాలి. ఆ ఊళ్ల దగ్గర ఒడ్డు ఎంత జరిగిందో రేవు కట్టినవారే ఏటా రెండుసార్లు, వర్షాకాలానికి ముందూ తుపానుల కాలం ముగిశాకా, కొలిపించాలి. ఆ అంకెను తెలుగులో రాసి గ్రామ సచివాలయం గోడకు అంటించాలి. కోత మొదలైతే దక్షిణాన పేరుకున్న ఇసుకను ఉత్తరానికి తోలించే ఖర్చు రేవు ఆదాయంలోంచే రావాలి, అనుమతి పత్రంలోనే ఆ షరతు రాయాలి.